పాప ఏడిస్తే వెలిగే బల్బు

మచిలీపట్నం,
25 జూలై 1999.

చిరంజీవి అలేఖ్యకి,

నీ పుట్టినరోజుకి తప్ప ఉత్తరం రాయని పిన్ని ఇప్పుడెందుకు రాసిందా అనుకుంటావు. పని పడే రాస్తున్నాను. పాప నా దగ్గర లేదని మీ అమ్మ చెప్పే ఉంటుంది. అవనిగడ్డలో మా ఆడపడుచు లక్ష్మీదుర్గ వదిన దగ్గర ఉంది. ఎందుకు పంపించామో అక్క సగమే చెప్పి ఉంటుంది. మిగతా సగం నేనే చెప్తాను.

నాకు వినపడదని నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పదకొండో ఏట జ్వరంతో పోయిన చెవులివి. పాప పుట్టాక నేనొక ఉపాయం చేసుకున్నాను. చీర ఉయ్యాలకి తాడు కట్టి, ఆ కొస నా కాలి బొటనవేలికి కట్టుకునేదాన్ని. బల్ల దగ్గర నిలబడి గుడ్డ మీద కలంకారీ అచ్చులు వేస్తుంటే, పాప కాళ్లాడించినప్పుడల్లా వేలు లాగేది. అచ్చు పక్కన పెట్టి వెళ్లేదాన్ని. నలభై రోజులు అలాగే నడిచింది. మీ బాబాయి కూడా మెచ్చుకున్నారు.

ఆ రోజు రంగు తెచ్చుకోవడానికి తాడు విప్పాను. తిరిగొచ్చి కట్టుకోవడం మర్చిపోయాను. నల్ల రంగు కోసం తుప్పు ఇనుమూ బెల్లమూ వేసి నానబెట్టే కుండ ఆ మూలే ఉంటుంది. బెల్లానికి చేరిన ఎర్రచీమలు, కింద పడి ఉన్న ఆ తాడు పట్టుకుని ఉయ్యాల్లోకి పాకాయి. పాప ఎంతసేపు ఏడ్చిందో నాకు తెలియదు. నేను అటు వీపు పెట్టి పూల అంచు వేస్తున్నాను. అంచు బాగా కుదురుతోందని సంతోషంగా కూడా ఉన్నాను. మీ బాబాయి కాలవలో గుడ్డలు జాడించుకుని వచ్చేసరికి పాప నోరు తెరిచే ఉందట, గొంతు మాత్రం పోయిందట. ఆయన నా అరచేతిలో వేలితో రాసి చెప్పారు.

మర్నాడే వదిన వచ్చి పాపని తీసుకెళ్లింది. ఆమెని తప్పు పట్టను. పెళ్లయి పన్నెండేళ్లు, పిల్లల్లేరు, లిఖితని కళ్లలో పెట్టుకుని చూస్తుంది. కానీ లిఖిత నా కూతురు. నాకు నా కూతురు కావాలి.

నువ్వు గుడివాడలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నావు కదా. పాప ఏడిస్తే నా కళ్ల ముందు ఒక బల్బు వెలిగే ఏర్పాటు ఏదైనా ఉంటుందా? ఉంటే పాపని ఇంటికి తెచ్చుకుంటాను. లేకపోతే లేదని రాసెయ్యి. మొహమాటపడకు.

మీ పిన్ని,
సువర్ణ


గుడివాడ,
1 ఆగస్టు 1999.

పిన్నికి,

నీ ఉత్తరం హాస్టల్ మెస్‌లో చదివాను. ఇడ్లీ ప్లేటు అలాగే వదిలేసి రూముకొచ్చి ఏడ్చాను. ఏడవడం అయిపోయింది కాబట్టి ఇప్పుడు పనిలోకి వస్తాను. నువ్వడిగిన ఏర్పాటు ఉంటుంది. ఎవరో చేసింది కొనక్కర్లేదు, నేనే చేస్తాను. అసలు నా ఫైనలియర్ ప్రాజెక్టే ఇది! మా క్లాసులో అందరూ ట్రాఫిక్ లైట్లూ, నీళ్ల ట్యాంకు అలారాలూ అంటున్నారు. నాది మాత్రం మా లిఖిత కోసం.

మొన్న మా గైడ్ జగన్మోహనరావు గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, "ఐడియా బానే ఉందమ్మా, ఏ బోర్డు మీద చేస్తావు?" అన్నారు. అదీ ఇప్పుడు నా సమస్య. బోర్డంటే అరచెయ్యంత అట్ట, దాని మీద ఒక చిప్. మనం రాసిచ్చిన ప్రోగ్రామ్ ప్రకారం అదే ఆలోచించి, ఇది ఏడుపు, ఇది కాదు అని తేలుస్తుంది. ఏడుపైతే బల్బు వెలిగిస్తుంది.

మూడు రకాలున్నాయి. మా ల్యాబులో 8085 కిట్టు ఉంది. అందరికీ అలవాటైనదే కానీ బియ్యం చాటంత ఉంటుంది, పైగా ల్యాబు గడప దాటించరు. రెండోది 8051. బెజవాడలో దొరుకుతుంది, చవక. కాకపోతే మైకు ఇచ్చే సిగ్నల్ని అంకెలుగా మార్చడానికి వేరే చిప్ తగిలించాలి. మూడోది పిక్ అని కొత్త రకం. ఆ అంకెలుగా మార్చే భాగం దాని కడుపులోనే ఉంటుంది. మా కాలేజీలో ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. నా మనసు దాని మీదే ఉంది.

నవ్వొచ్చే సంగతి ఒకటి. నెహ్రూ చౌక్ దగ్గర రేడియోలు బాగుచేసే శివరామయ్య గారిని మైకు కోసం అడిగితే, "దీనికి బోర్డెందుకమ్మాయ్? మైకూ, రెండు ట్రాన్సిస్టర్లూ, ఒక రిలే ఇస్తా. రెండ్రోజుల్లో చేసుకెళ్లిపో" అన్నారు. పెద్దాయన ఇంకా రేడియోల కాలంలోనే ఉన్నారు!

నువ్వు నాకు ఇవి రాయి. బల్ల ఎక్కడుంటుంది, ఉయ్యాల ఎక్కడుంటుంది, మధ్య దూరమెంత? కరెంటు ఎప్పుడు పోతుంది?

నీ
అలేఖ్య


మచిలీపట్నం,
15 ఆగస్టు 1999.

చిరంజీవి అలేఖ్యకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చిప్పుల సంగతి అర్థం కాలేదు కానీ నువ్వు చేస్తానన్నావు, అది అర్థమైంది. అంతే చాలు.

బల్లకీ ఉయ్యాలకీ మధ్య పదకొండు అడుగులు. మీ బాబాయి మూరలు వేసి మరీ కొలిచారు. బల్ల గోడవైపు ఉంటుంది, ఉయ్యాల నా వెనక. కాబట్టి బల్బు నా ఎదురుగా గోడ మీద ఉండాలి. వంచిన తల ఎత్తకుండానే కనపడాలి. కరెంటు పొద్దున్న ఎనిమిది నుంచి పది దాకా కచ్చితంగా ఉండదు. నేను ఎక్కువ పని చేసేది ఆ వేళే. టార్చి బ్యాటరీలతో వెలిగేలా చెయ్యగలవా?

ఆదివారం ఆదివారం అవనిగడ్డ వెళ్లొస్తున్నాం. చల్లపల్లి మీదుగా బస్సు, పులిగడ్డ దాటేసరికి నేను సీట్లోంచి లేచి తలుపు దగ్గర నిలబడతాను. వెళ్లగానే వదిన పాపని నా చేతిలో పెడుతుంది. ఒళ్లంతా తడిమి చూసుకుంటాను. చీమలు కుట్టిన మచ్చలు మెడ మీద రెండు మిగిలాయి, మిగతావి మానాయి. బయల్దేరే ముందు నేనే తిరిగి వదిన చేతిలో పెట్టి బస్సెక్కుతాను. లాక్కోవడం, ఇవ్వననడం ఏమీ ఉండవు. అంతా మర్యాదగానే జరుగుతుంది. ఆ మర్యాదే భరించలేకపోతున్నాను.

ఒక మాట అడుగుతాను, నవ్వకు. ఆ రేడియోల శివరామయ్య గారు చెప్పింది మనకి చాలదా? రెండు రోజుల్లో అవుతుందన్నారని రాశావు కదా.

పిన్ని


గుడివాడ,
5 సెప్టెంబరు 1999.

పిన్నికి,

నవ్వలేదులే. కానీ శివరామయ్య గారి సంగతి మర్చిపో. ఆయన చెప్పినదానికి తెలివి ఉండదు పిన్నీ. ఏ చప్పుడైనా దానికి ఒకటే. గిన్నె పడినా వెలుగుతుంది, కుక్క మొరిగినా వెలుగుతుంది. రోజుకి వందసార్లు నిన్ను ఊరికే పరుగెత్తిస్తుంది. పది రోజులకి విసిగిపోయి బల్బు వైపు చూడటమే మానేస్తావు, అప్పుడు అసలుకే మోసం. నా దగ్గరున్నది వేరే పద్ధతి. పసిపిల్ల ఏడుపు ఒక తీరులో సాగుతుంది, ఆగుతుంది, మళ్లీ సాగుతుంది. ఆ తీరుని చిప్ లెక్కపెడుతుంది. అది ఏడుపైతేనే వెలుగుతుంది. నా మాట నమ్ము.

పిక్ బోర్డే ఖాయం చేశాను. మా రూమ్మేట్ వాళ్లన్నయ్య హైదరాబాదులో ఉన్నాడు, ఆయన తెప్పిస్తానన్నాడు. నెల పట్టొచ్చట. ఈలోగా ప్రోగ్రామ్ కాగితం మీద రాసేస్తాను. జగన్మోహనరావు గారు నన్ను క్లాసులో నిలబెట్టి, "ఈ అమ్మాయి చేస్తోంది చూడండి, అదీ ప్రాజెక్టంటే" అన్నారు. అబ్బాయిలందరి మొహాలు మాడిపోయాయి. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

టార్చి బ్యాటరీలతో నడిచేలా చేస్తాను, బెంగ వద్దు. నెల రోజులు ఎంతలో గడుస్తాయి?

నీ
అలేఖ్య


మచిలీపట్నం,
3 అక్టోబరు 1999.

చిరంజీవి అలేఖ్యకి,

చదువుకున్నదానివి, నువ్వు వద్దంటే వద్దు. మళ్లీ ఆయన ఊసెత్తను.

నీకు పనికొస్తుందేమోనని ఒకటి రాస్తున్నాను. లిఖిత ఏడ్చే ముందు గడ్డం వణుకుతుంది. పై పెదవి సన్నగా బిగుస్తుంది. ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. నేను ఎదురుగా ఉంటే అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. మొన్న ఆదివారం వదిన అటు తిరిగి మంచినీళ్లు తాగుతోంది, పాప గడ్డం వణికింది, నేను వెళ్లి ఎత్తుకున్నాను. వదినకి ఏడుపు వినపడనే లేదు, ఎందుకెత్తుకున్నావని సైగ చేసింది. నాకు నవ్వొచ్చింది. పాప పుట్టాక ఆ ఇంట్లో నేను నవ్వింది అప్పుడే.

మిగతా సమయమంతా పాప వదిన అలికిడికే తల తిప్పుతోంది. వంటింట్లోంచి వదిన ఏదో అంటుంది కాబోలు, ఇక్కడ నా ఒళ్లో ఉన్న పిల్ల అటు చూస్తుంది. నేను పిలిస్తే నా నోటివంక చూస్తుంది కానీ, నా గొంతు ఎలా ఉంటుందో, పిల్లకి భయం వేసేలా ఉంటుందో, నాకు తెలియదు. మీ బాబాయిని అడిగితే బాగానే ఉంటుందని చేతిలో రాస్తారు. ఆయన ఎప్పుడైనా అలాగే రాస్తారు.

అన్నప్రాసన ఐదో నెలలో చేసేద్దామని వదిన వాళ్లన్నారు. ఆడపిల్లకి ఏడో నెలలోనూ చెయ్యొచ్చు కదా అని నేనే పట్టుబట్టి వాయిదా వేయించాను. బోర్డు వచ్చిందా?

పిన్ని


గుడివాడ,
24 అక్టోబరు 1999.

పిన్నికి,

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం ఉంది. చెప్పడానికి సిగ్గేసింది.

పిక్ ఆరో తారీకున వచ్చింది. బెజవాడలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే యంత్రం ఉంటే బస్సు మీద పట్టుకెళ్లాను. ఎక్కించాక చూసుకుంటే ప్రోగ్రామ్‌లో ఒక చోట తప్పు రాశాను. సరే, చెరిపి మళ్లీ ఎక్కించమన్నాను. అక్కడున్నాయన చిప్ తిప్పి చూసి, "దీనికి కిటికీ లేదు కదమ్మా, చెరపడం కుదరదు" అన్నాడు. చెరిపే రకానికి పైన చిన్న గాజు కిటికీ ఉంటుందట. నేను తెప్పించుకున్నది ఒక్కసారి రాస్తే అంతే, ఇక మార్చడానికి వీల్లేని రకం. తెప్పించేటప్పుడు ఏ రకమో అడగాలని నాకు తోచలేదు. కొత్తదని మురిసిపోయాను, అంతే. గుడివాడ వచ్చేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను.

ఇప్పుడు 8051 కొన్నాను. మొదటే కొనాల్సింది. వైరింగు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. నవంబరు రెండో వారం దాకా పరీక్షలు కూడా ఉన్నాయి.

పిన్నీ, నిజం చెప్పు. తొందర ఉందా? వాళ్లేమైనా అంటున్నారా? అమ్మని అడిగితే మాట దాటేస్తోంది. తొందర ఉందంటే పరీక్షలు పక్కన పడేస్తాను.

నీ
అలేఖ్య


మచిలీపట్నం,
7 నవంబరు 1999.

చిరంజీవి అలేఖ్యకి,

పరీక్షలు పక్కన పడేస్తే మీ అమ్మ నన్ను బతకనివ్వదు. బాగా రాయి. చిప్ పోతే పోయింది, దానికి బస్సులో కూర్చుని ఏడవడమేమిటి?

తొందరేమీ లేదు. అందరూ బాగున్నారు. డిసెంబరు పన్నెండు ఆదివారం అవనిగడ్డలో అన్నప్రాసన. దూరాభారం, చదువు పాడు చేసుకుని రావద్దు.

పిన్ని


గుడివాడ,
9 డిసెంబరు 1999.

పిన్నికి,

పనిచేసింది! పనిచేసింది! పనిచేసింది!

మా మెస్ వంటావిడ మనవడి ఏడుపు టేప్‌రికార్డర్‌లో పట్టి తెచ్చి, బోర్డు ముందు పెట్టాను. ఐదు లెక్కపెట్టేలోగా బల్బు వెలిగింది. హాస్టల్ పిల్లలంతా చప్పట్లు కొట్టారు, దానికి వెలగలేదు! పళ్లెం కింద పడేశాం, వెలగలేదు. నీ అచ్చు దెబ్బల సంగతి కూడా మర్చిపోలేదు. పోయినేడు మీ ఇంటికొచ్చినప్పుడు విన్నాను కదా, అచ్చు పెట్టి పిడికిలితో కొడితే ఇల్లంతా అదురుతుంది. శివరామయ్య గారి రకమైతే నీ దెబ్బదెబ్బకీ వెలిగేది. అందుకే నేను వద్దన్నది. పిడికిలితో బల్ల గుద్ది గుద్ది మరీ పరీక్షించాను. ఒక్కసారి కూడా మోసపోలేదు.

నిజానికి పోయిన నెల ఇరవై ఎనిమిదినే పనిచేసింది. డిస్‌ప్లే పెట్టి అక్షరాలు కూడా వచ్చేలా చేస్తే బాగుంటుందని జగన్మోహనరావు గారన్నారు. అది కూడా అయ్యాక నీకు ఒకేసారి చెప్పి ఆశ్చర్యపరుద్దామని ఆగాను. ఇప్పుడు "పాప ఏడుస్తోంది" అని ఇంగ్లీషులో అక్షరాలు పాకుతూ వస్తాయి. ఇరవై రెండున రివ్యూ. అప్పటిదాకా ల్యాబు బల్ల మీదే ఉండాలి. ఇరవై మూడున బస్సెక్కి పట్టుకొచ్చి నేనే బిగిస్తాను. కొత్త సంవత్సరానికి లిఖిత నీ దగ్గర ఉంటుంది.

అన్నప్రాసనకి నా బదులు కూడా ఒక ముద్ద పెట్టు.

నీ
అలేఖ్య


మచిలీపట్నం,
16 డిసెంబరు 1999.

చిరంజీవి అలేఖ్యకి,

నీ ఉత్తరం పదమూడు, సోమవారం అందింది. అన్నప్రాసన ఆదివారమే అయిపోయింది.

నీకు ఒక విషయం దాచాను. అక్కని కూడా చెప్పనివ్వలేదు. పాపని తీసుకెళ్లిన రెండు వారాలకే అవనిగడ్డలో పెద్దవాళ్లు కూర్చున్నారు. వదినా, వాళ్లాయన శ్రీనివాసరావు అన్నయ్య గారూ, మీ బాబాయీ. అన్నప్రాసన వేళకి నేను పాప ఏడుపు తెలుసుకునే దారి ఏదైనా చూపిస్తే పాపని నా ఒళ్లో కూర్చోబెట్టి నాకే ఇచ్చేస్తారు. చూపించలేకపోతే పాప వదిన ఒళ్లో కూర్చుంటుంది, ఇక వాళ్ల పిల్లే. మీ బాబాయి ఇదంతా నా అరచేతిలో రాయలేకపోయారు. కాగితం తెచ్చి రాశారు. నేను తలూపాను. నువ్వు చేస్తానన్న ఉత్తరం అప్పటికే నా దగ్గర ఉంది కదా, ధీమాగా తలూపాను. ఐదో నెలని ఏడో నెలకి మార్పించింది కూడా అందుకే. ధనుర్మాసం వస్తుందని అంతకుమించి వాయిదా వేయనివ్వలేదు.

తొందర ఉందా అని నువ్వడిగినప్పుడు చెప్పాల్సింది. నీ చదువు పాడైతే అక్కకి ఏం సమాధానం చెప్పనని దాచాను. నువ్వు చేసేస్తావనే నమ్మకం కూడా ఉంది. రెండూ కలిసి నన్ను ముంచాయి.

ఆదివారం పీట మీద వదిన కూర్చుంది. పట్టుచీర కట్టుకుంది, పాపకి పట్టులంగా కుట్టించింది. శ్రీనివాసరావు అన్నయ్య గారు ఉంగరంతో పాయసం నాకించారు. నేను ఆడవాళ్ల మధ్య నిలబడి ఉన్నాను. పాప గడ్డం వణకడం చూశాను. ఏడుస్తుందని నాకు ముందే తెలిసింది. "ఏడుస్తోంది, నాకివ్వండి" అన్నాను. అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు. ఆ మొహాలు చూస్తే తెలిసింది, నేను అరిచానని. పంతులు గారు కూడా ఆగిపోయారు. అప్పుడు పాప ఏడ్చింది. నా అరుపుకి జడుసుకుని ఏడ్చిందో, పాయసానికి ఏడ్చిందో నాకు తెలియదు. వదిన భుజాన వేసుకుని వీపు నిమిరింది, ఊరుకుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మీ బాబాయి నా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు కానీ అందులో ఏమీ రాయలేదు.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. అచ్చు దెబ్బకి ఇల్లదురుతుందని రాశావు. అలేఖ్యా, నా అచ్చుకి చప్పుడు ఉంటుందని నాకు నీ ఉత్తరం చదివేదాకా తెలియదు. నేను ఈ పని నేర్చుకున్నది పెళ్లయ్యాక. నా పిడికిలికి తగిలే దెబ్బే నాకు తెలుసు. ఎనిమిదేళ్లుగా ఈ ఇంట్లో ఇంత చప్పుడు చేస్తున్నానని ఒక్కరూ చెప్పలేదు.

దానికోసమే ఆ రెండు రోజుల రకం వద్దన్నానంటున్నావు. నన్నొక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా. బల్బు వెలిగితే నేను చెయ్యి ఆపుతాను. చెయ్యి ఆపితే నా చప్పుడు ఆగుతుంది, బల్బు ఆరుతుంది. ఆరకపోతే పాప ఏడుస్తోందని. దీనికి చిప్ లెక్కపెట్టాలా? ఇక కుక్కలూ గిన్నెలూ అంటావా, రోజుకి వందసార్లు ఊరికే పరుగెత్తాల్సి వస్తుందని రాశావు. పరుగెత్తేదాన్ని. వందసార్లు కాదు, వెయ్యిసార్లు పరుగెత్తేదాన్ని. నా పిల్ల కోసం పదకొండు అడుగులు నడవడం నాకు విసుగొస్తుందని నువ్వెలా అనుకున్నావు?

నీ మీద చాలా కోపం వచ్చింది. అది దాచి ఉత్తరం రాయడం నాకు చేతకాదు. నువ్వు నాకోసం ఎంత కష్టపడ్డావో కూడా తెలుసు. రెండూ నిజమే.

పిన్ని


గుడివాడ,
20 డిసెంబరు 1999.

పిన్నికి,

ఏం రాయాలో తెలియడం లేదు. నేనూ ఒకటి దాచాను. అది చెప్తాను.

శివరామయ్య గారు చెప్పింది పనిచేస్తుందని నాకు ఆ రోజే తెలుసు. కాకపోతే దాన్ని ప్రాజెక్టుగా జగన్మోహనరావు గారు ఒప్పుకోరు. బోర్డు లేకపోతే మార్కులు రావు. నీకు ఆయన రకం ఒకటి చేసిచ్చి, కాలేజీకి ఇది వేరేగా చేసుకోవచ్చు. ఆ ఆలోచన నాకు ఆగస్టులోనే వచ్చింది. కానీ నీకు అది ముందే ఇచ్చేస్తే నా బోర్డుతో ఇక ఎవరికీ అవసరం ఉండదు కదా అనిపించింది. నా బోర్డే నీ బల్బు వెలిగించాలనుకున్నాను. చప్పుడూ, కుక్కలూ అని నీకు రాసినవన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులు.

ఇరవై ఎనిమిదిన పనిచేసిన రోజే పట్టుకుని వచ్చేస్తే ఇలా జరిగేది కాదు. సార్‌ని అడిగితే పంపించేవారేమో. అడగలేదు. అక్షరాలు పాకుతూ రావాలని కూర్చున్నాను.

ఇరవై మూడున వస్తున్నాను. నువ్వు తలుపు తీయకపోయినా సరే. అది బిగించి, బాబాయితో అవనిగడ్డ వెళ్లి లక్ష్మీదుర్గ గారి కాళ్లు పట్టుకుంటాను. చేతికిచ్చిన పిల్లని తిరిగివ్వమని అడగకూడదని ఎక్కడా లేదు కదా.

అలేఖ్య


మచిలీపట్నం,
20 ఫిబ్రవరి 2000.

చిరంజీవి అలేఖ్యకి,

నువ్వు వచ్చి వెళ్లి రెండు నెలలైంది. రాయలేదని బెంగపడుతున్నావని అక్క చెప్పింది. కోపం తగ్గింది. తగ్గినప్పుడే రాద్దామని ఆగాను.

అవనిగడ్డలో నువ్వు ఏడ్చి ఏం లాభం లేకపోయింది కదా. వదిన కూడా నీతోపాటు ఏడ్చింది. ఇచ్చేస్తానని మాత్రం ఆమె నోట రాలేదు. ఆమె పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాను, వస్తే నాకు తెలిసేది. పాప ఆ నాలుగున్నర నెలల్లో ఆమెకి అలవాటైపోయింది, ఆమె పాపకి అలవాటైపోయింది. నేనే మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

నిన్న వదిన పాపని తీసుకుని మా ఇంటికి వచ్చింది. పొద్దున్న బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. పాతచోటే ఉయ్యాల కట్టాను. చీమల మందు చుట్టూ గీతలా పోశాను. పనేమీ లేకపోయినా బల్ల దగ్గర నిలబడి అచ్చులు వేశాను. నీ బల్బు పనిచేస్తుందో లేదో చూడాలనిపించింది.

పనిచేసింది. పదకొండు గంటలప్పుడు వెలిగింది, నీ అక్షరాలు కూడా వచ్చాయి. అచ్చు వదిలేసి తిరిగాను. అప్పటికే వదిన వంటింట్లోంచి వచ్చి పాపని ఎత్తుకుంది. ఆమెకి చెవులున్నాయి కదా, నీ చిప్ లెక్కపెట్టేలోపే వచ్చేసింది. నేను మళ్లీ బల్లవైపు తిరిగాను. ఆ పువ్వు వంకరగా పడింది, గుడ్డ పాడైంది. పాడైతే అయిందిలే.

ఆ తర్వాత పాప ఏడవలేదు. ఎనిమిదో నెల నిండింది, ఇప్పుడు నవ్వుతోంది. కిలకిలమని నవ్వుతుందనీ, ఎదురింటి దాకా వినపడుతుందనీ మీ బాబాయి నా చేతిలో రాశారు. నిన్న రోజంతా నవ్వుతూనే ఉందట. నేను తలెత్తి చూసినప్పుడు రెండుసార్లు నవ్వుతూ కనపడింది. అచ్చు మీద తల వంచుకుని ఉన్నప్పుడు ఇంకెన్నిసార్లు నవ్విందో నాకు తెలియదు. నీ బల్బు దానికి వెలగదు. ఏడుపుకి తప్ప దేనికీ వెలగకుండా కదా నువ్వు అంత కష్టపడి చేసింది.

అందుకని మళ్లీ ఒక పని చెప్తున్నాను. ఇంకో బల్బు చేసి పంపించు. ఏ తెలివీ లేనిది. నవ్వినా, కేరినా, కాళ్లతో గోడని తన్నినా, ఏ చప్పుడు చేసినా వెలిగేది. నా అచ్చుకి వెలిగితే చెయ్యి ఆపి చూసుకుంటాను.

వదిన ఉగాదికి పాపని తీసుకొస్తానంది. ఉగాది ఏప్రిల్ ఐదు, బుధవారం. ఆ లోపల నాకు అందాలి. ఈసారి తొందర ఉంది.

మీ పిన్ని,
సువర్ణ